గురక ఆగింది సరే, ఊపిరి ఆడుతోందా?
(నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు ఉన్న శస్త్రచికిత్సల గురించి హనుమకొండలో ఒక చెవి ముక్కు గొంతు వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులకు నమస్కారం.

ఒక లారీ డ్రైవర్ సంగతితో మొదలుపెడతాను. ఆయన ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి లోడు తెచ్చే మనిషి. గురక భరించలేక ఇంట్లోవాళ్ళు పోరుపెడితే, రెండేళ్ళ క్రితం ఒకచోట కొండనాలుక, దానితోపాటు మెత్తని అంగిలి అంచు కోయించుకున్నాడు. గురక ఆగింది. ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ ఆయన నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇది: "సారూ, గుర్కైతే బందైంది గని, పొద్దంతా నిద్రమత్తే ఉంటాంది. మొన్న జనగామ దాటినంక స్టీరింగ్ మీదనే కునుకు పట్టింది." పక్కన కూర్చున్న ఆయన భార్య అన్న మాట అంతకన్నా విలువైనది: "గుర్క ఉన్నప్పుడే నయముండె సారూ. సప్పుడు ఆగంగనే తట్టి లేపేదాన్ని. ఇప్పుడు ఊపిరి ఆగుతాందో, ఆడుతాందో నాకు ఎరుకైతలేదు."

ఆయనకు రాత్రంతా నిద్ర పరీక్ష చేయించాం. గంటకు 38 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. అంటే శస్త్రచికిత్స గంట మోగకుండా చేసింది కానీ, మంట ఆర్పలేదు. ఆపరేషన్‌కు ముందు ఎంత ఉండేదని అడిగితే, ఆ పరీక్షే చేయలేదన్నారు. ఈ సాయంత్రం నేను చెప్పే ప్రతి శస్త్రచికిత్సనూ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచమని కోరుతున్నాను: అది చప్పుడును తగ్గించిందా, శ్వాసను నిలబెట్టిందా?

జబ్బు ఎలా వస్తుందో మన ప్రాంతపు రైతుకు చెప్పడం సులభం. బావి మీది మోటారుకు నీళ్ళు పీల్చుకునే వైపు గట్టి పైపే వేస్తాం. నీళ్ళు బయటికి తోసే వైపు మాత్రం చుట్టచుట్టి భుజాన వేసుకుపోయే మెత్తని పైపు వేసినా నడుస్తుంది. ఆ మెత్తని పైపును పీల్చే వైపు కడితే ఏమవుతుంది? మోటారు లాగిన కొద్దీ అది లోపలికి అతుక్కుపోతుంది. మన ముక్కులో ఎముక ఉంది, కింద శ్వాసనాళానికి మృదులాస్థి కడియాలున్నాయి. మధ్యలో, అంగిలి వెనుక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతుకు మాత్రం అలాంటి ఆధారం లేదు, అది మెత్తని పైపు. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు బిగువుగా ఉండి దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ బిగువు సడలుతుంది. దారి ముందే ఇరుకుగా ఉన్నవారిలో, ఊపిరి పీల్చినప్పుడు పుట్టే లాగుడుకు గోడలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పది సెకన్లో, ముప్ఫై సెకన్లో గాలి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి కండరాలను లేపుతుంది, పెద్ద గుర్రుతో దారి తెరుచుకుంటుంది. మనిషికి ఇదేదీ గుర్తుండదు. తెల్లవారి లేచాక మిగిలేది తలనొప్పి, ఎండిన నోరు, తీరని నిద్ర. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రక్తపోటు మందులకు లొంగదు, గుండె లయ తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాజీపేట మీదుగా రైలు నడిపే లోకో పైలట్‌కు, గోదావరిఖని ఓపెన్‌కాస్ట్ గనిలో రాత్రి షిఫ్టున డంపర్ నడిపే ఆపరేటర్‌కు పగటి కునుకు ఎంత ప్రమాదమో నేను వివరించనక్కరలేదు.

శ్వాస ఆగడాలు, తగ్గడాలు కలిపి గంటకు 5 లోపు ఉంటే పెద్దవాళ్ళలో మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈ అంకెను ఏహెచ్‌ఐ అంటారు. అంకె ఒక్కటే జబ్బు కాదు. ఆక్సిజన్ ఎంత లోతుకు పడుతోంది, పగలు మత్తు ఎంత అనేవి కూడా చూడాలి. అయినా ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత కొన్ని నెలలకు ఒకటి, ఈ రెండు అంకెలు చేతిలో లేకుండా ఎవరు ఏమి చెప్పినా అది ఊహే.

శస్త్రవైద్యుడినైనా నేను మొదట సిఫారసు చేసేది కత్తిని కాదు, సీప్యాప్ యంత్రాన్ని. ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ 1981లో దీన్ని లోకానికి చూపించారు. ముక్కుకు మాస్కు పెట్టి, గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి పంపుతుంది. మన మోటారు లెక్కలో చెప్పాలంటే, పీల్చే వైపున్న మెత్తని పైపును తోసే వైపుకు మార్చేసినట్టు. పైపు ఉబ్బి నిలబడుతుంది, అతుక్కోదు. పెట్టుకున్న ప్రతి గంటా ఇది పనిచేస్తుంది. చిక్కంతా పెట్టుకోవడంలోనే. రామగుండం ఎండాకాలంలో ముఖానికి మాస్కు తగిలించుకుని పడుకోమని చెప్పడం సులభం, పడుకోవడం కష్టం. మొహమాటం, ముక్కు దిబ్బడ, నోరు ఎండిపోవడం, కరెంటు కోతలు ఇవన్నీ కలిసి, కొన్నాళ్ళకు యంత్రం బీరువా మీదికి చేరుతుంది. దాన్ని నిజాయితీగా ప్రయత్నించి, మాస్కు మార్చి చూసి, ముక్కు బాగుచేయించుకుని, అప్పటికీ వీలుకానివారి కోసమే శస్త్రచికిత్స ప్రధానంగా ఉన్నది. దవడను ముందుకు పట్టి ఉంచే దంత పరికరం మరో దారి. అది స్వల్ప, మధ్యస్థ జబ్బులో బాగా పనికొస్తుంది.

ఇక శస్త్రచికిత్సకు మొదటి మెట్టు అడ్డు ఎక్కడుందో తెలుసుకోవడం. మెలకువగా ఉన్న మనిషి నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే నిద్రలో జరిగేది కనబడదు. అందుకే 1991లో ఇంగ్లండు వైద్యులు క్రాఫ్ట్, ప్రింగిల్ ఒక పద్ధతి ప్రతిపాదించారు. మత్తు మందుతో నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు దించి, గురక పెడుతుండగానే గొంతును చూడడం. అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, శ్వాసమార్గం మీద మూతలా ఉండే ఎపిగ్లాటిస్, ఈ నాలుగింటిలో ఏది ఎటువైపు నుంచి ఎంత మూసుకుంటోందో రాసుకుంటాం. చాలామందిలో ఒకటి కాదు, రెండు మూడు చోట్ల మూసుకుంటుంది. మన లారీ డ్రైవర్ కథ బెడిసికొట్టింది ఇక్కడే. ఆయనకు అడ్డు నాలుక మొదలు దగ్గరా, పక్క గోడల్లోనూ ఉంటే, కోత పడింది కొండనాలుక మీద. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనవాళ్ళు దేనికి పుట్టించారో కానీ, మా వృత్తికి ఇంత చక్కగా అతికే సామెత ఇంకొకటి లేదు.

అంగిలి ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా జరిగేదీ, ఎక్కువగా అపోహలున్నదీ ఇదే. జపాన్ నుంచి అమెరికా వెళ్ళిన ఫుజితా 1981లో దీన్ని నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు ప్రవేశపెట్టారు. యువులోపాలటోఫారింగోప్లాస్టీ అని పెద్ద పేరున్నా పని ఇంతే: టాన్సిల్స్ తీసి, కొండనాలుకనూ అంగిలి వెనుక అంచునూ కత్తిరించి, కుట్టడం. తొలినాళ్ళలో ఎంత ఎక్కువ కోస్తే అంత దారి దొరుకుతుందనుకున్నారు. అది పొరపాటు. మింగేటప్పుడు ముక్కువైపు దారిని మూసేది ఆ అంగిలే. దాన్ని మితిమీరి కోస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలికినట్టవుతుంది, గొంతులో ఎప్పుడూ ఏదో అడ్డుపడ్డట్టు ఉంటుంది, ఒక్కోసారి మచ్చ కట్టి దారి మరింత ఇరుకవుతుంది. 1996లో షేర్ బృందం అప్పటిదాకా వచ్చిన నివేదికలన్నీ కలిపి చూస్తే, రోగులను ఎంచకుండా అందరికీ చేసినప్పుడు ఇది నూటికి 40 మందిలోనే పనిచేసినట్టు తేలింది.

ఆ "పనిచేసింది" అన్న మాటకు అర్థమేమిటో కూడా అడగాలి. ఏహెచ్‌ఐ సగానికి సగం తగ్గి, 20 లోపుకు రావడాన్నే మా శాస్త్రంలో సఫలత అని లెక్కవేస్తూ వచ్చారు. 60 ఉన్న మనిషికి 19 అయితే కాగితం మీద ఆపరేషన్ సఫలం. కానీ 19 అంటే ఇంకా మధ్యస్థ జబ్బే కదా! స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నాకు నచ్చుతుంది. రోగులను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడగొట్టి, ఒక వర్గానికి వెంటనే అంగిలి ఆపరేషన్ చేసి, ఇంకో వర్గాన్ని ఆరు నెలలు ఆగమన్నారు. ఆపరేషన్ అయినవారిలో సగటు ఏహెచ్‌ఐ 53 నుంచి 21కి దిగింది, ఆగినవారిలో పెద్దగా మార్పు లేదు. ఆపరేషన్ వల్ల మేలు ఉందన్నది నిజం. ఆ 21 దగ్గర ఆగిపోయిందన్నదీ అంతే నిజం. రోగికి ఈ రెండూ చెప్పాలి.

ఎవరికి బాగా పనిచేస్తుందన్న దానికి షికాగోకు చెందిన ఫ్రీడ్‌మన్ ఒక సులువైన కొలత ఇచ్చారు. టాన్సిల్స్ పెద్దవిగా ఉండి, నోరు తెరిస్తే అంగిలి బాగా కనబడి, మరీ స్థూలకాయం కానివారిలో నూటికి 80 మందికి మేలు జరిగింది. టాన్సిల్స్ చిన్నవిగా ఉండి, నాలుక అంగిలిని కప్పేసేవారిలో అది నూటికి 8కి పడిపోయింది. ఆపరేషన్ ఒకటే, గొంతులే వేరు. విద్యార్థులు టార్చి వేసి టాన్సిల్స్ సైజు రాయడం చిన్న పని అనుకోకండి. కొన్నిసార్లు మొత్తం నిర్ణయం దాని మీదే నిలుస్తుంది.

ఇప్పుడు కోసి పారేయడం తగ్గి, సర్ది కుట్టడం పెరిగింది. సింగపూర్ వైద్యుడు పాంగ్, అమెరికాకు చెందిన వుడ్‌సన్ 2007లో వివరించిన పద్ధతిలో గొంతు పక్కనున్న కండరాన్ని విడదీసి, పైకీ ముందుకీ తిప్పి, గట్టి ఆధారానికి కుడతారు. అంటుకుపోయే పక్క గోడ గుంజిన తాడులా బిగుసుకుంటుంది. ఇటలీలో విచీని బృందం ముళ్ళున్న ప్రత్యేకమైన దారంతో ఇదే పనిని ఇంకా సులభం చేసింది. కొండనాలుక ఉన్నచోటే ఉంటుంది. నా చేతుల్లో కూడా పాతదానికన్నా వీటి ఫలితాలే మెరుగ్గా ఉన్నాయి. లేజర్‌తో కూర్చోబెట్టే కొండనాలుక కాల్చేస్తామన్న ప్రకటనలు చూసి వెళ్ళేవారికి ఒక్క మాట చెబుతాను. శ్వాస ఆగే జబ్బుకు దాన్ని నేను చేయను.

ముక్కు గురించి క్లుప్తంగా చెబుతాను. ముక్కు దూలం వంకర సరిచేసినా, లోపలి కండలు తగ్గించినా ఏహెచ్‌ఐ పెద్దగా తగ్గదు. కానీ సీప్యాప్ ఒత్తిడి తక్కువ సరిపోతుంది, మాస్కు ఓర్చుకోగలుగుతారు. మోటారుకు ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంటే లాగుడు పెరిగినట్టే, ముక్కు మూసుకుంటే గొంతు మీద లాగుడు పెరుగుతుంది. ఆ చెత్త తీయడం మంచిదే, అయితే దానితో పైపు గట్టిపడదు.

నాలుక మొదలు కష్టమైన చోటు. చేతికి అందదు, రక్తనాళాలు, నరాలు దగ్గరగా ఉంటాయి. రేడియో తరంగాలతో కొంత కణజాలాన్ని కుదించవచ్చు, తక్కువ వేడితో కణజాలాన్ని కరిగించే కోబ్లేషన్ పరికరంతో కొంత తీయవచ్చు. 2010లో విచీనీయే రోబో చేతులతో నోటి ద్వారా నాలుక వెనుక భాగాన్ని తీసే పద్ధతిని ప్రచురించారు. అంగిలినీ నాలుకనూ కలిపి సరిచేసిన ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. అందులో సీప్యాప్ వాడలేకపోయినవారికి ఏహెచ్‌ఐ సుమారు 48 నుంచి 21కి దిగింది, పగటి నిద్రమత్తు కూడా స్పష్టంగా తగ్గింది. నొప్పి మాత్రం రెండు వారాలు గట్టిగానే ఉంటుంది. అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య రక్తస్రావం రావచ్చు కనుక, ఆ రోజుల్లో ములుగు అవతల మారుమూల తండాకు వెళ్ళిపోకుండా ఆసుపత్రికి దగ్గరగా ఉండమని చెబుతాను.

అన్నింటిలోకీ బలమైన ఫలితమిచ్చేది దవడల ఆపరేషన్. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో రైలీ, పవెల్ దీన్ని ఈ జబ్బు కోసం అభివృద్ధి చేశారు. పై దవడనూ కింది దవడనూ కోసి, సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి, ప్లేట్లతో బిగిస్తారు. దానికి అంటిపెట్టుకున్న అంగిలి, నాలుక, పక్క గోడలు మొత్తం ముందుకు వస్తాయి. గుడారపు గుంజలు జరిపితే బట్ట బిగుసుకున్నట్టు. ప్రచురితమైన ఫలితాలు కలిపి చూస్తే నూటికి 86 మందిలో పైన చెప్పిన సఫలత, 43 మందిలో ఏహెచ్‌ఐ 5 లోపుకు వచ్చింది. అయితే అది పెద్ద ఆపరేషన్. కొన్ని వారాలు మెత్తని తిండే, కింది పెదవి కొందరికి చాలాకాలం తిమ్మిరిగా ఉంటుంది, ముఖం రూపు మారుతుంది. గడ్డం వెనక్కి ఉన్నవారికి ఆ మార్పు అందాన్నే పెంచుతుంది. అలాంటివారిలో చాలామంది సన్నగానే ఉంటారు. సన్నటి మనిషికి ఈ జబ్బు రాదనుకోవడం మన దగ్గర బలంగా నాటుకున్న భ్రమ.

నాలుక నరాన్ని ప్రేరేపించే పరికరం కోయకుండా కండరాన్ని మేల్కొలిపే ఉపాయం. కాలర్‌బోన్ కింద చర్మం లోపల పేస్‌మేకర్ లాంటి పెట్టె, అక్కడి నుంచి నాలుకను ముందుకు జరిపే నరానికి ఒక తీగ. పడుకునే ముందు రిమోట్‌తో వేసుకోవాలి, లేచాక ఆపుకోవాలి. 2014లో వచ్చిన అధ్యయనంలో 126 మందికి ఇది అమర్చితే ఏడాది తర్వాత ఏహెచ్‌ఐ మధ్యగతం, అంటే వరుసలో నట్టనడిమి అంకె, 29 నుంచి 9కి తగ్గింది. అదే ఏడాది అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. అంగిలి అన్ని వైపుల నుంచీ సంచి మూతి ముడిచినట్టు మూసుకునేవారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. మళ్ళీ ఎండోస్కోపీ దగ్గరికే వచ్చాం చూడండి. నేను దీన్ని ఇంతవరకు అమర్చలేదు కనుక స్వానుభవం చెప్పలేను.

పిల్లల సంగతి పూర్తిగా వేరు. వారిలో కారణం ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ పెరగడం. ఏహెచ్‌ఐ ఒకటి దాటినా పిల్లల్లో అసహజమే. ఇలాంటి పిల్లలు పగలు తూగరు, గంతులేస్తారు. బడిలో కుదురుగా కూర్చోడు, పక్క తడుపుతాడు, నోరు తెరిచి పడుకుంటాడు, రాత్రి చెమటలు పట్టి మెడ వెనక్కి వాల్చి నిద్రపోతాడు. "చిన్నోడు వాళ్ళ తాత లెక్కనే గుర్క కొడ్తడు" అని ఇంట్లో ముచ్చటపడతారు. ముచ్చటపడే విషయం కాదది. 2013లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 464 మందిని తీసుకుని, సగం మందికి వాటిని తీసే ఆపరేషన్ చేసి, సగం మందిని గమనిస్తూ ఉన్నారు. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవారిలో నూటికి 79 మందికి నిద్ర పరీక్ష మామూలైంది. ఊరికే గమనించినవారిలోనూ నూటికి 46 మందికి దానంతటదే మామూలైంది. ఏకాగ్రత పరీక్షలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు కానీ, ప్రవర్తన, జీవన నాణ్యత ఆపరేషన్ వర్గంలో మెరుగయ్యాయి. కాబట్టి స్వల్ప జబ్బున్న పిల్లవాడిని కొన్ని నెలలు ఆగి చూడడం తప్పు కాదు. ఆక్సిజన్ పడిపోతున్న పిల్లవాడిని, ఎదుగుదల ఆగినవాడిని ఆపడం తప్పు.

బరువు మాట దాటవేయలేను. బరువు పదోవంతు తగ్గితే ఏహెచ్‌ఐ దాదాపు నాలుగోవంతు తగ్గుతుందని అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి సాగిన పరిశీలన చెప్పింది. తీవ్ర స్థూలకాయం ఉన్నవారికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ గొంతు ఆపరేషన్ కన్నా ముందు ఆలోచించాల్సింది. 2024 డిసెంబరులో బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు స్థూలకాయంతో కూడిన మధ్యస్థ, తీవ్ర జబ్బులో అమెరికా అనుమతి ఇచ్చింది. కత్తి అవసరం కొందరిలో దానితో తగ్గవచ్చు. ఇక శ్వాసనాళానికి మెడ దగ్గర రంధ్రం పెట్టే ట్రకియాస్టమీ ఈ జబ్బుకు తొలి శస్త్రచికిత్స. 1969 నుంచి ఉంది. అడ్డును పూర్తిగా దాటవేస్తుంది కనుక అది తప్పక పనిచేస్తుంది. కానీ దానితో బతకడం కష్టం. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఆ దారి.

ఏ ఆపరేషన్ అయినా సరే, మోకాలిదైనా సరే, ఈ జబ్బు ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. మత్తు మందులు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు గొంతు కండరాలను, మెదడు జాగరూకతను ఇంకా సడలిస్తాయి. గొంతు ఆపరేషన్ అయితే వాపు కూడా తోడవుతుంది. మొదటి రాత్రి తల ఎత్తుగా పెట్టి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి, చూసే మనిషి ఉన్న వార్డులోనే ఉంచాలి. పక్కన చాప వేసుకున్న బంధువు చూసుకుంటాడని వదిలేయకూడదు.

ఆ లారీ డ్రైవర్ ఏమయ్యాడని అడుగుతారు. ఆయన సీప్యాప్ ఒకసారి ప్రయత్నించి వదిలేశాడు. ముక్కు దూలం బాగా వంకర. పైగా అంగిలి కోసేయడం వల్ల గాలి నోట్లోంచి తప్పించుకుపోతోంది. పాత ఆపరేషన్ వల్ల వచ్చే ఈ చిక్కును ముందుగా ఎవరూ చెప్పరు. ముక్కు సరిచేశాం, నోరు కూడా కప్పే పెద్ద మాస్కు ఇచ్చాం. మూడు నెలలకు యంత్రంలోని కార్డు తీసి చూస్తే రోజుకు అయిదు గంటలకు పైగా వాడుతున్నాడు, పెట్టుకున్నంతసేపూ ఏహెచ్‌ఐ 4. యంత్రం క్యాబిన్‌లోనే ఉంటుంది, లోడు కోసం ఆగిన రాత్రుళ్ళు కూడా పెట్టుకుంటున్నాడు. "జీవితమంతా ఇదేనా సారూ, నాలుకది కూడా చేసేస్తే పోదా?" అని పోయినసారి అడిగాడు. 96 కిలోల నుంచి 86కి వచ్చాక మళ్ళీ నిద్రపుచ్చి ఎండోస్కోపీతో చూసి, నాలుక అప్పటికీ వెనక్కి పడుతుంటే మాట్లాడుకుందాం, అందాకా లైసెన్సు జేబులో పెట్టుకున్నట్టే మాస్కు దగ్గర పెట్టుకో అన్నాను. ప్రస్తుతానికి 91 దగ్గర ఉన్నాడు.